బెల్టు కింద చూడండి

మా నాన్నగారి కోసం కొన్న మొదటి ట్రెడ్‌మిల్ పద్నాలుగు నెలలు బతికింది. దాని వారంటీ పన్నెండు నెలలు.

కొన్నప్పుడు నా లెక్క నాకుంది. నాన్నగారు పరిగెత్తే మనిషి కాదు. బెజవాడ ఎండలకు తెల్లారి ఆరింటికే చెమటలు కారిపోతాయి, వీధి మలుపులో కుక్కలు కాపలా కాస్తుంటాయి. అందుకని ఇంట్లోనే, గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో, భోజనం చేసి వసారాలో పచార్లు చేసినట్టు నడుస్తారు. ఆ మాత్రం నడకకు పెద్ద మిషన్ దేనికి, పరుగులు తీసే కుర్రాళ్లకు కదా అది అనుకున్నాను. షోరూం అబ్బాయి కూడా ‘వాకింగుకేగా మేడం, ఇది చాలు’ అన్నాడు. మేమిద్దరం ఒకే తప్పు చేశాం. తేడా ఏమిటంటే, డబ్బు నాది.

పద్నాలుగో నెలలో బెల్టు ఆగి ఆగి నడవడం మొదలైంది. అడుగు పడినప్పుడల్లా ఒక కుదుపు. తర్వాత ఒకరోజు కాలిన వాసన. గారెలకు నానబెట్టిన మినప్పప్పును నీళ్లు చిలకరించకుండా మిక్సీలో తిప్పితే ఎలాంటి వాసన వస్తుందో, సరిగ్గా అదే. మెకానిక్ వచ్చి మోటారు మూత విప్పకముందే రెండు ప్రశ్నలు వేశాడు.

‘పెద్దాయన బరువెంతండీ?’

‘తొంభై నాలుగు కిలోలు.’

‘స్పీడెంత పెడతారు?’

‘మూడు. మహా అయితే మూడున్నర.’

‘మరదే. నెమ్మదిగా నడిచేవాళ్లే మిషన్లను తినేస్తారండీ’ అన్నాడు.

అప్పుడు నాకు నమ్మకం కలగలేదు. ఆ తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. అది అర్థమైతే ట్రెడ్‌మిల్ కొనడంలో సగం పని అయిపోయినట్టే, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

ట్రెడ్‌మిల్ బెల్టు గాలిలో తిరగదు. దాని కింద డెక్ అనే చెక్క పలక ఉంటుంది. మనం అడుగు వేసినప్పుడు మన బరువు బెల్టును ఆ పలకకేసి అదిమిపెడుతుంది. అలా అదిమి ఉన్న బెల్టును లాగడమే మోటారు పని. ఎంత బరువైతే అంత రాపిడి, ఎంత రాపిడైతే మోటారు అంత కరెంటు పీల్చుకోవాలి. పరిగెత్తేవాడి రెండు కాళ్లూ అడుగుకీ అడుగుకీ మధ్య క్షణకాలం గాలిలో ఉంటాయి, ఆ క్షణంలో బెల్టుకు ఊపిరి ఆడుతుంది. నడిచేవాడి కాలు ఒకటైనా ఎప్పుడూ బెల్టు మీదే ఉంటుంది. పైగా చాలా ఇళ్లలోని మిషన్లలో మోటారును చల్లబరిచే ఫ్యాను మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది. మోటారు మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. అంటే బరువైన మనిషి నెమ్మదిగా నడిచినప్పుడు వేడి ఎక్కువ, గాలి తక్కువ. మనం సుఖమనుకున్న మూడు కిలోమీటర్ల వేగం దానికి నరకం.

ఈ మాట ఆస్పత్రుల వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. గుండె పరీక్ష కోసం టీఎంటీ చేయించుకున్నవాళ్లు ఆ గదిలోని మిషన్‌ను గుర్తు తెచ్చుకోండి. చాలాచోట్ల ఆ పరీక్షను అమెరికాలో సియాటిల్‌లో పనిచేసిన డాక్టర్ రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రచురించిన పద్ధతిలోనే చేస్తారు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, పది శాతం ఎత్తు. ఆ గదికి అరవై కిలోల మనిషీ వస్తాడు, నూట ఇరవై కిలోల మనిషీ వస్తాడు. ఎవరెక్కినా కుదుపు రాకూడదు. అందుకే ఆ మిషన్ అంత మొద్దుగా, అంత బరువుగా ఉంటుంది. నాన్నగారికి ఆ పరీక్ష చేయించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చూసి కూడా నేర్చుకోలేదు.

కాబట్టి ‘మన ఇంట్లో ఎవరు ఎక్కువ వేగంగా పరిగెత్తుతారు’ అన్నది రెండో ప్రశ్న. ‘అందరికంటే బరువైనవాళ్లు ఎవరు, ఎంత నెమ్మదిగా నడుస్తారు’ అన్నది మొదటిది. మిషన్‌ను వాళ్ల కొలతకు కొనాలి.

ఇంకో చిన్న లెక్క. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నిమిషానికి వంద అడుగులనుకుంటే వారానికి 15,000, ఏడాదికి 7,80,000. భార్యాభర్తలిద్దరూ ఎక్కితే పదిహేను లక్షలు దాటుతుంది. షోరూంలో మనం వేసి చూసేది పాతిక అడుగులు.

హార్స్‌పవర్ అనే మాయ

షోరూంలో మొదట వినిపించే మాట హెచ్‌పీ. ‘నాలుగు హెచ్‌పీ సార్, గుర్రం’ అంటారు. గుర్రం సంగతి సరే, అది ఎంతసేపు పరిగెత్తుతుందో అడగాలి. పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు పీక్ హెచ్‌పీ. అంటే మోటారు కొద్ది క్షణాలు మాత్రమే ఇవ్వగలిగిన బలం. మనక్కావలసింది కంటిన్యుయస్ హెచ్‌పీ, ఆగకుండా ఇవ్వగలిగింది. కాగితాల మీద సీహెచ్‌పీ అని ఉంటుంది. నడకకే అయితే రెండు నుంచి రెండున్నర, బరువు ఎనభై ఐదు దాటినా, పరుగెత్తేవాళ్లు ఉన్నా మూడుకు తగ్గకుండా చూసుకోమంటాను.

అబ్బాయి మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. నాలుగంటే దాదాపు మూడు వేల వాట్లు. మన ఇంటి 230 వోల్టుల మీద అది పదమూడు ఆంప్స్. ఇప్పుడు వంగి ఆ మిషన్ ప్లగ్ చూడండి. ఫ్యానుకూ టీవీకీ పెట్టే చిన్న ఆరు ఆంప్స్ ప్లగ్ ఉందా? దానిలోంచి పోయేది 1380 వాట్లే, రెండు గుర్రాలకు కూడా చాలదు. మరి నాలుగో గుర్రం మేత ఎక్కడ మేస్తుంది? ఈ ప్రశ్న నవ్వుతూనే అడగండి, గొడవ అక్కర్లేదు. వెనకాల అంటించిన రేకు మీద వోల్టులూ ఆంప్సూ రాసి ఉంటాయి. అట్టపెట్టె మీద బొమ్మల కంటే ఆ రేకును నమ్మండి.

డీసీ మోటారా, ఏసీ మోటారా అని తలలు బద్దలు కొట్టుకునేవాళ్లను చూశాను. ఏసీ మోటార్లు రోజంతా తిరిగే జిమ్‌ల కోసం. ఇద్దరు ముగ్గురు వాడే ఇంటికి మంచి డీసీ మోటారు సరిపోతుంది. కొన్ని డీసీ మోటార్లలో కార్బన్ బ్రష్షులు అరుగుతాయి. మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు.

నిజంగా ఆయుష్షు నిర్ణయించేవి కంటికి కనపడనివి. డెక్, బెల్టు, రోలర్లు. బెల్టు ఒక పొరదా రెండు పొరలదా అడగండి, రెండు పొరలది తీసుకోండి. డెక్ మందం అడగండి. కొన్ని డెక్‌లు రెండు వైపులా నునుపు పూత వేసినవి ఉంటాయి, ఒక వైపు అరిగాక దోసె తిరగేసినట్టు తిప్పి బిగించుకోవచ్చు. అలాంటిది దొరికితే వంద రూపాయల బేరం దగ్గర వదులుకోవద్దు.

రోలర్ల సంగతి ఎవరూ చెప్పరు. గంటకు అయిదు కిలోమీటర్ల వేగంలో 42 మిల్లీమీటర్ల సన్న రోలర్ నిమిషానికి దాదాపు 630 చుట్లు తిరగాలి. 60 మిల్లీమీటర్లదైతే 440 చాలు. సన్న రోలర్ బెల్టును ప్రతి చుట్టులోనూ గట్టిగా వంచుతుంది, దాని బేరింగులూ త్వరగా వేడెక్కుతాయి. ముందు రోలర్ వ్యాసం ఎంత అని అడిగితే చాలామంది అమ్మకందార్లు కేటలాగు తిరగేస్తారు. ఠక్కున చెప్పినవాడు దొరికితే మిగతా మాటలు కూడా కాస్త నమ్మవచ్చు.

బెల్టు వెడల్పు నడకకు 18 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు ఉంటే ఇబ్బంది ఉండదు. పరుగుకు 20 వెడల్పు, 55 పైన పొడవు. ఆరడుగుల మనిషైతే 60 చూడండి. మిషన్ మోయగలదని రాసే బరువుకూ మీ ఇంట్లో బరువైన మనిషికీ మధ్య పాతిక, ముప్ఫై కిలోల ఖాళీ ఉంచుకోండి. మిషన్ సొంత బరువు కూడా అడగండి. ముప్ఫై అయిదు కిలోల మిషన్ నూట ఇరవై కిలోల మనిషిని మోస్తానంటే నాకైతే అనుమానమే.

ఎత్తు పెంచే సౌకర్యం, అంటే ఇన్‌క్లైన్, ఉన్నది తీసుకోండి. అది సోకు కాదు. ఎత్తు పెట్టినప్పుడు మన బరువే బెల్టును వెనక్కి తోస్తుంది, మోటారుకు పని తగ్గుతుంది. మోకాళ్లు, గుండె ఒప్పుకుంటే, డాక్టరు సరేనంటే, కొంచెం ఎత్తులో నెమ్మది నడక మనిషికీ మిషన్‌కీ మేలు. ఇక స్పీకర్లు, బ్లూటూత్, పెద్ద తెర ఇవన్నీ మీ జేబులో ఫోనుగా ఇప్పటికే ఉన్నాయి. ఆ డబ్బు బెల్టు కిందికి వెళ్లనివ్వండి.

షోరూంకు ఒంటరిగా వెళ్లొద్దు. ఇంట్లో బరువైనవాళ్లను, వాళ్ల బూట్లతో సహా, తీసుకెళ్లండి. రెండున్నర, మూడు వేగం పెట్టి పది నిమిషాలు నడవనివ్వండి. మొహమాటపడకండి, టీవీ కొనేటప్పుడు పడం కదా. మీరు పక్కన నిలబడి వాళ్ల మడమలను చూడండి. మడమ ఆనినప్పుడు బెల్టు ఒక్క క్షణం జంకుతోందా? చేతులు వదిలేస్తే స్తంభాలు ఊగుతున్నాయా? దిగాక మోటారు మూత మీద చెయ్యి పెట్టండి. మా రెండో మిషన్ దగ్గర నాన్నగారు పది నిమిషాలు కాదు, పాతిక నిమిషాలు నడిచారు. దిగి, ‘అమ్మాయ్, దీనికి నేను బరువనిపించలేదు’ అన్నారు. అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు ఏ కంపెనీ ఇవ్వలేదు.

ఎక్కడ పెడతారు?

బాల్కనీలో పెట్టకండి. ఎండా వానా సంగతి అటుంచి, విశాఖ, కాకినాడ, బందరు లాంటి ఊళ్లలో సముద్రపు ఉప్పుగాలికి మరలు ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. వెనక గోడ నుంచి ఆరడుగుల ఖాళీ ఉండాలి, తూలి పడితే గోడకీ బెల్టుకీ మధ్య ఇరుక్కోకుండా. ఎక్కి నిలబడితే తల పైన జానెడు కంటే ఎక్కువ జాగా ఉండాలి, ఫ్యాను రెక్కలతో సహా లెక్కేసుకోండి. స్లాబు మోస్తుందా అని అత్తగార్లు భయపడతారు. మన దేశంలో ఇళ్ల గదుల స్లాబుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు బరువు లెక్కన డిజైన్ చేస్తారు. మిషన్ ఆక్రమించేది దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. సరిగ్గా కట్టిన ఇంట్లో వంద కిలోల మిషన్, తొంభై కిలోల మనిషి కలిసినా భయం లేదు. కింది వాటావాళ్ల తలనొప్పి మాత్రం నిజం. మందపాటి రబ్బరు చాప వేయండి. కొనేముందు అట్టపెట్టె కొలతలు అడిగి, మీ అపార్ట్‌మెంట్ లిఫ్టును టేపుతో కొలవండి. నాలుగో అంతస్తుకు మెట్ల మీద మోయించిన కూలీ ఏ బిల్లులోనూ రాసి ఉండదు.

కరెంటు దగ్గర పిసినారితనం వద్దు. పదహారు ఆంప్స్ పవర్ ప్లగ్, ఎలక్ట్రికల్ బోర్డు నుంచి విడిగా లాగిన రాగి తీగ, పనిచేసే ఎర్తింగ్. మన ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. బెల్టు రుద్దుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది, అది పోవడానికి దారి లేకపోతే మనకు చిటుక్కుమంటుంది, కంట్రోలర్ బోర్డుకు చేటు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టొద్దు, ఇన్వర్టర్ లైనుకు తగిలించొద్దు. వేసవి సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే వీధిలో ఉంటే ఎంత సామర్థ్యం గల స్టెబిలైజర్ పెట్టాలో కంపెనీనే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. వాడనప్పుడు స్విచ్ కట్టేయండి. మూత సందుల్లోంచి బల్లులు దూరతాయి. వెచ్చగా ఉంటుంది కదా, వాటికి స్వర్గం. బోర్డు మీద అడ్డంగా పడి చచ్చిన ఒక్క బల్లి బోర్డునే మార్పించగలదు. మాకు అది కూడా అనుభవమే.

చిన్నపిల్లలుంటే ఎర్రటి సేఫ్టీ కీ బీరువాలో పెట్టండి. అమెరికాలో 2021లో పెలోటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ మిషన్లను, దాదాపు లక్షా పాతిక వేలు, వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఒక బిడ్డ ప్రాణం పోయాక. అది చవక మిషన్ కాదు.

‘మోటారుకు జీవితకాల వారంటీ’ అన్నది నన్ను మొదటిసారి పడగొట్టిన మాట. మిగతా భాగాలకు పన్నెండు నెలలే. మోటారు కంటే ముందు పోయేవి కంట్రోలర్ బోర్డు, బెల్టు, డెక్. బోర్డుకు ఎన్నేళ్లు? బెల్టు అరుగుదల కవర్ అవుతుందా? మెకానిక్ వచ్చి వెళ్లే ఖర్చు ఎవరిది? ఇంటి వాడకానికి ఇచ్చిన వారంటీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పెడితే చెల్లదని సాధారణంగా సన్న అక్షరాల్లో ఉంటుంది. అసోసియేషన్ కోసం కొనేవాళ్లు ఇది చదవకుండా సంతకం పెట్టొద్దు. బిల్లు మీద మిషన్ సీరియల్ నంబరు రాయించుకోండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవడానికి అదే ఆధారం.

ఒక చిన్న కిటుకు, నా మొదటి మిషన్ నేర్పింది. డబ్బు కట్టకముందు, కొనాలనుకుంటున్న కంపెనీ సర్వీస్ నంబరుకు ఫోన్ చేసి, ‘ఫలానా మోడల్‌కు బెల్టు కావాలి, ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది, మా ఊరికి ఎవరొస్తారు’ అని అడగండి. తణుకులోనో సిద్దిపేటలోనో ఉంటే ఈ ఫోను మరీ ముఖ్యం. అవతలివాళ్లు ధర చెప్పి, మనిషి ఎక్కడినుంచి వస్తాడో చెబితే కొనండి. ‘కంప్లైంట్ రెయిజ్ చేయండి మేడం’ అన్న పాట మొదలైతే ఫోను పెట్టేసి ఇంకో కంపెనీని చూడండి.

పాతది కొనొచ్చా? కొనొచ్చు, నన్నడిగితే కొత్త నాసిరకం కంటే పాత గట్టిది మేలు. జనవరి ఒకటిన కొన్న ట్రెడ్‌మిళ్లు ఉగాదికి దండేలవుతాయి, దసరాకు అమ్మకానికి వస్తాయి. కరెంటు తీసేసి, బెల్టు అంచు పట్టి పైకెత్తి కింద చెయ్యి పెట్టి రుద్ది చూడండి. గుడ్డలా గరుకుగా ఉంటే ఫరవాలేదు, గాజులా నున్నగా, నల్లగా మెరుస్తుంటే అది చాలా నడిచింది. డెక్ మధ్యలో వేలితో తడిమితే గుంత తగలకూడదు.

కొన్నాక చేయాల్సిన సేవ తక్కువే, కానీ మానేస్తే నష్టపోతారు. మాన్యువల్‌లో చెప్పిన గడువుకు, సాధారణంగా మూడు నెలలకోసారి, బెల్టు కింద సిలికాన్ ఆయిల్. సిలికానే. మా అమ్మ ఒకసారి బెల్టు కిర్రుమంటోందని కుట్టుమిషన్ నూనె పోసింది. ఆవిడ తప్పేం లేదు, ముప్ఫై ఏళ్లుగా కిర్రుమన్న ప్రతిదానికీ అదే మందు వేసింది. ఆ నూనెకు బెల్టు ఉబ్బి, అంచులు లేచాయి. కొబ్బరినూనె కూడా అంతే. బెల్టు ఒక పక్కకు జరిగితే వెనక మరను అలెన్ కీతో పావు చుట్టు మాత్రమే తిప్పి, కాసేపు నడిపి చూసి, మళ్లీ పావు చుట్టు. బలం చూపించకూడదు.

మెకానిక్ వెళ్తూ వెళ్తూ చెప్పిన ఇంకో మాట నాకు అన్నిటికంటే పనికొచ్చింది. మన వీధి ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటర్ ఉంటుంది, తీగ కోయకుండానే ఎంత కరెంటు పోతోందో చూపిస్తుంది. మిషన్ కొత్తగా ఉన్నప్పుడే, ఒకే మనిషిని ఒకే వేగంలో నడిపించి, ఆ అంకె రాసిపెట్టుకోవాలి. ఆర్నెల్లకోసారి అదే మనిషి, అదే వేగం. అంకె పెరుగుతోందంటే బెల్టు కింద రాపిడి పెరుగుతోంది. నూనె వేసినా దిగకపోతే బెల్టు మార్చే వేళయింది. నాలుగైదు వేలతో బెల్టు మారిస్తే మోటారు, బోర్డు రెండూ బతికిపోతాయి.

రెండో మిషన్‌కు ఇది నాలుగో ఏడు. హాల్లో వెంకట్రామా క్యాలెండర్ మీద నాన్నగారు ఉగాది గడిలో ఎర్ర ఇంకుతో 3.1 అని రాశారు, విజయదశమి గడిలో 3.3. దాని కిందే గ్యాస్ బండ వచ్చిన తేదీ, ఆయన బరువు, 88.